బొమ్మల దండు

బొమ్మలతో నాడుకొనుట పసిపిల్లల పని యని లోకులు తలంచుట కద్దు. కాని పలుదేశములలో వయోవృద్ధులును విద్యాధికులును గూడ, అంగుళమునకు కొంచెము మించిన యెత్తుగల సైనికుల బొమ్మలను వందలకొలది సేకరించి, ఒక్కొక్కదానికి ఓపికతో రంగులు దిద్ది, బల్లమీద బారులు తీర్చి, వెనుకటి యుద్ధములను నియమానుసారముగా మరల నడపుచు వినోదించుచున్నారు. మన యిండ్లలోను బొమ్మల కొలువు పెట్టు వాడుక గలదు. కొండపల్లి పనివారు తేలికైన పొణికి కఱ్ఱను చెక్కి, అంబారీ యేనుగును చేసి, కంటికి నింపుగా రంగులు వేయుదురు. ఆ యేనుగు ఏ రాజుదని గాని, ఏ సంవత్సరమునాటిదని గాని మన మడుగము. అందముగా నున్నచో చాలును. ఈ సైనికుల బొమ్మల సంగతి యట్లు కాదు. ఇందు ప్రతి బొమ్మకును ఒక దేశమును, ఒక పటాలమును, ఒక సంవత్సరమును ఉండవలెను. ఈ వినోదమునకు జీవము ఈ భేదమునందే యున్నది. దీని పుట్టుకను, బొమ్మల తయారీని, రంగులు వేయు విధమును, ఆట నడచు తీరును, దీనివలని మేలును కీడును విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వివరింప నెంచితిమి.

జర్మనీ దేశమందలి న్యూరెంబర్గు నగరము పూర్వమునుండియు ఆటవస్తువులకు పేరుపొందినది. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున అచ్చట హిల్పెర్టు కుటుంబమువారు తగరముతో పలుచని సైనికుల బొమ్మలను పోతపోసి అమ్ముచుండిరి. రెండు పలకరాతి బిళ్లలపై బొమ్మయొక్క రెండు ప్రక్కలను లోతుగా చెక్కి, ఆ బిళ్లలను జతపఱచి, నడిమి సందులో కరగిన లోహమును పోయుట ఆ పనివారి పద్ధతి. చల్లారిన పిమ్మట వెలువడు బొమ్మ అట్టముక్కవలె చదునుగా నుండును. ప్రక్కనుండి చూచిన సైనికుడు, ఎదుటనుండి చూచిన సన్నని గీత. 1839లో అదే నగరమున ఎర్నెస్టు హైన్రిక్సెను ఒక కార్ఖానా స్థాపించెను. ఆ కార్ఖానా అనుసరించిన సుమారు 30 మిల్లీమీటరుల యెత్తు పిమ్మట పలువురకు ప్రమాణమయ్యెను. ఇది స్వల్పవిషయము కాదు. కొలత యొక్కటి యైననే గదా వేర్వేరు చోట్ల కొన్న బొమ్మలు ఒకే సేనలో నిలువగలవు!

1893లో లండను నగరమందలి విలియం బ్రిటన్ కుటుంబమువారు బోలు బొమ్మలను పోతపోయు నేర్పును ప్రవేశపెట్టిరి. సీసపు మిశ్రమమును కరగించి అచ్చులో పోయుదురు. అచ్చును తాకిన పైపొర క్షణములో గట్టిపడును. లోపలిది ఇంకను ద్రవముగానే యుండును. ఆ సమయమును కనిపెట్టి అచ్చును తలక్రిందులు చేసినచో, లోపలి లోహము బయటికి జారి, చుట్టుపెంకు మాత్రమే మిగులును. లోహము కలసివచ్చెను, బరువు తగ్గెను, వెల దిగెను. సుమారు 54 మిల్లీమీటరుల యెత్తుగల ఈ బొమ్మలు సామాన్య కుటుంబముల పిల్లలకు సయితము అందుబాటులోనికి వచ్చెను. అయితే సీసము విషపదార్థము. కావున 1966లో ఆ కార్ఖానావారు సీసపు బొమ్మల తయారీని విరమించిరి. నేడు తగరము ప్రధానముగా గల సీసరహిత మిశ్రమముతోను, ప్లాస్టిక్కుతోను, రెజిను అను జిగురుపదార్థముతోను బొమ్మలు చేయుచున్నారు. లోహపు బొమ్మలకు రబ్బరు అచ్చును వేగముగా గిరగిర త్రిప్పుచు నడుమ లోహమును పోయుదురు. ఆ వేగమునకు లోహము అంచులకు పరుగెత్తి, గుండీలవంటి సూక్ష్మభాగములలోనికి సయితము చొచ్చుకొనిపోవును.

బొమ్మ యొక యెత్తు, ఆట మఱియొక యెత్తు. ప్రష్యా రాజ్యమున రైస్విట్జు అను ప్రభువు ఒక యుద్ధక్రీడను కల్పించి 1812లో రాజునకు చూపెను. ఆయన కుమారుడు, ఫిరంగిదళపు అధికారి, దానిని సంస్కరించి 1824లో నియమావళిని ప్రకటించెను. భూమిని 8000వ వంతుకు తగ్గించిన పటముపై చిన్న లోహపు దిమ్మలను జరుపుచు, పాచికలు వేసి, నష్టములను పట్టికలలో చూచి తేల్చుచుండిరి. ఎదిరి కదలికలు ఆటగానికి తెలియకుండ నడుమ నొక మధ్యవర్తి యుండెడివాడు. అది అధికారుల శిక్షణ కొఱకు పుట్టినదే కాని వినోదము కొఱకు కాదు. వినోదముగా ఆడినవారిలో ప్రసిద్ధ రచయితలు గలరు. రాబర్టు లూయీ స్టీవెన్‌సను 1881-82 శీతకాలమున స్విట్జర్లండునందలి దావోసులో తన సవతి కుమారునితో గూడి బొమ్మసైనికుల యుద్ధము లాడెను. హెచ్.జి. వెల్సు 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమున తన యాట నియమములను వివరించెను. 1962లో డోనాల్డు ఫెదర్‌స్టోను ప్రకటించిన ‘వార్ గేమ్స్’ అను గ్రంథమువలన ఈ వినోదము ఇంగ్లండునందు సామాన్యులకు మఱింత చేరువయ్యెను.

ఈ వినోదమున మొదటి పని బొమ్మలు కొనుట కాదు. ఒక యుద్ధమును ఎన్నుకొనుట. మన ప్రాంతమువారికి దూరదేశములు వెదకనక్కఱలేదు. నేటి కాకినాడ జిల్లాలో పిఠాపురమునకు సమీపమున చందుర్తి యను గ్రామము గలదు. 1758 డిసెంబరులో అచ్చట ఆంగ్లేయ, ఫ్రెంచి కంపెనీల సేనలు ఉత్తర సర్కారుల కొఱకు పోరాడెను. ఆంగ్ల గ్రంథములలో దీనిని కాండోరు యుద్ధ మందురు. విజయనగర ప్రభువైన ఆనందగజపతిరాజు పిలుపుపై క్లైవు బంగాళమునుండి కర్నలు ఫోర్డు నాయకత్వమున సేనను ఓడలపై పంపెను. ఫోర్డు వద్ద సుమారు 500 మంది ఐరోపీయులును 2000 మంది సిపాయిలును ఉండిరి. రాజుగారి బలము వేఱు. ఫ్రెంచి సేనాని కాంఫ్లాన్సు వద్ద ఐరోపీయులు సుమారు అంతమందియే గాని, సిపాయిలు 6000 మంది, ఫిరంగులును ఎక్కువ.

ఫోర్డు తన ఐరోపీయ పటాలమును నడుమను, సిపాయిలను ఇరుప్రక్కలను నిలిపెను. నడిమి పటాలమునకు ఎదుట ఎత్తుగా పెరిగిన పైరు అడ్డముగా నుండెను. ఆంగ్ల చరిత్రకారులు దానిని మొక్కజొన్న చేనని వ్రాసిరి. బంగాళమునుండి వచ్చిన సిపాయిలకు ఎఱ్ఱకోటులు గలవు. 1757లో క్లైవు చేర్చిన మొదటి సిపాయి పటాలమునకు ఆ కోటులనుబట్టియే లాల్ పల్టన్ అను పేరు వచ్చెను. దక్షిణమున ఫ్రెంచివారు అంతకుముందు చూచిన సిపాయిలు ఇట్టి యుడుపులు తొడుగువారు కారు. కావున ప్రక్కన కానవచ్చిన ఎఱ్ఱకోటులవారే ఆంగ్లేయులని తలంచి, ఫ్రెంచి ఐరోపీయ పటాలము వారిపైకి నడచెను. ఆ తాకిడికి నిలువలేక సిపాయిలు వెనుదిరిగిరి. తఱుముచు ఫ్రెంచివారు వరుస చెదరియున్న సమయమున, పైరుచాటునుండి అసలైన ఆంగ్ల పటాలము వెలువడి వారిపై తుపాకులు కాల్చెను. పోరు ఆ క్షణముననే మొగ్గెను. ఫ్రెంచివారు తమ ఫిరంగులను, పిమ్మట తమ శిబిరమును గోల్పోయిరి. మఱుచటి ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు ఫోర్డు వశమయ్యెను. 1759లోనే నిజాము సలాబత్‌జంగు ఆ ప్రాంతమును ఆంగ్లేయుల కిచ్చివేసెను.

ఒక కోటు రంగు, ఒక పైరు ఎత్తు: పుస్తకమున చదువునప్పుడు ఇవి రెండును కథకుని అలంకారములుగా దోచును. ‘అనుభవశాలురైన సైనికులు మనిషిని చూచి పోల్చుకొనలేరా?’ యని విద్యార్థికి సందేహము కలుగుట సహజము. ఈ సందేహమును బొమ్మ తీర్చును. 28 మిల్లీమీటరుల బొమ్మ నిజమైన మనుష్యునిలో సుమారు 60వ వంతు. కావున బల్లకు పది అడుగుల దూరమున నిలిచి దానిని చూచుట, రణరంగమున 600 అడుగుల, అనగా 200 గజముల దూరమునుండి మనుష్యుని చూచుటతో సమానము. చేతిలో బొమ్మను పట్టుకొన్నప్పుడు ముఖపు చాయయు, మీసమును, బొత్తాములును కానవచ్చును. పది అడుగులు వెనుకకు నడచిన పిదప ముఖము మాయమగును, బొత్తాములు మాయమగును. ఎఱుపు మాత్రము నిలిచియుండును. నడుమ రెండంగుళముల యెత్తున కొబ్బరిపీచుతో చేసిన పైరును నిలిపినచో, దాని వెనుకనున్న వరుస యున్నదో లేదో యని యనుమానింపవలసినదే. ఫ్రెంచివారు మూర్ఖులు కారనియు, వారి కన్నులు చెప్పిన దానినే వారు నమ్మిరనియు అప్పుడు మనకు బోధపడును. ఇదియే ఈ బొమ్మలు నేర్పు చరిత్ర.

అయితే బొమ్మ నిజము చెప్పవలెనన్నచో, దానిని దిద్దువాడు ముందుగా నిజమును వెదకవలెను. ఇందుకు వాటర్లూ యుద్ధపు నమూనాను నిర్మించిన విలియం సైబోర్ను చరిత్రము చక్కని యుదాహరణము. ఆయన 1830లో ఆ యుద్ధభూమియందలి ఒక పొలపుటింట ఎనిమిది నెలలు నివసించి నేలను కొలిచెను. యుద్ధమున పాల్గొన్న అధికారులకు జాబులు వ్రాసి, 1815 జూను 18వ తేదీ సాయంకాలమున వారి పటాలము ఎచ్చట నిలిచెనో, ఎదుట శత్రువు ఏ తీరున నుండెనో, పొలములలో ఏ పైరు లుండెనో యని ప్రశ్నించెను. సుమారు 75,000 బొమ్మలుగల ఆ నమూనా 1838లో లండనులో ప్రదర్శింపబడెను. నేడు అచ్చటి నేషనల్ ఆర్మీ మ్యూజియమున నున్నది. ప్రష్యా సేన ఏ వేళకు ఎంతవఱకు వచ్చియుండెనను విషయమున వెల్లింగ్టను పక్షమువారికిని సైబోర్నునకును వివాదము పుట్టెను. గెలుపులో ఎవరి పాలు ఎంత యనునది ఆ తగరపు బొమ్మల స్థానమునుబట్టి లోకులకు తోచును గదా! అంగుళములో భాగమైనను లేని బొమ్మకు సయితము సత్యాసత్యముల బాధ్యత గలదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక లెక్క చూతము. చందుర్తికి వచ్చిన ప్రతి సైనికునకును ఒక బొమ్మ పెట్టుట సాధ్యము కాదు. ఒక బొమ్మ 20 మందికి గుర్తనుకొన్నచో, ఫోర్డు ఐరోపీయులకు 25, సిపాయిలకు 100, ఫ్రెంచి ఐరోపీయులకు 25, సిపాయిలకు 300 బొమ్మలు, మొత్తము 450 కావలెను. ఇదియు భారమైనచో ఒక బొమ్మను 100 మందికి గుర్తుగా నుంచవచ్చును. అప్పుడు 90 బొమ్మలతోనే పని జరుగును. దూరముల లెక్కయు ఇట్టిదే. తుపాకిగుండు సూటిగా తాకు దూరము 100 గజము లనుకొందము. బొమ్మ కొలతనుబట్టి 60వ వంతు చేసినను అది బల్లపై 5 అడుగులగును. బల్ల యంతయు ఒక్క తుపాకివ్రేటుకే చాలిపోవును. కావున నేలను బొమ్మలకంటె ఎక్కువగా కుదించి, అంగుళమునకు 10 గజము లని యేర్పాటు చేయుదురు. అప్పుడు ఆ 100 గజములును 10 అంగుళములలో ఇముడును. చిత్రపటములోవలె ఇచ్చటను కంటికి ఒక కొలత, లెక్కకు మఱియొక కొలత.

రంగులు వేయు పనిలో తొందర పనికిరాదు. మొదట బొమ్మపై అచ్చుల అతుకు వలన నేర్పడిన గీతను సన్నని ఆకురాయితో అరగదీయవలెను. సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. జిడ్డున్నచోట రంగు అంటదు. పిమ్మట బూడిదవన్నెయో, నలుపో, తెలుపో పలుచగా మొదటి పూత వేయవలెను. దానిపై చర్మము, కోటు, లాగు, తోలుపట్టెలు అను వరుసను, లోపలినుండి వెలుపలికి రంగులు పూయవలెను. నీటిలో కలియు ఆక్రిలికు రంగులు నేర్చుకొనువారికి అనుకూలములు. చిక్కగా ఒక్కసారి పూసినచో ముక్కు, కన్ను, బొత్తాము పూడిపోవును. పలుచగా రెండుసార్లు పూసినచో రూపము చెడదు.

చిన్న వస్తువుపై వెలుగునీడలు తమంతట తాము చాలినంతగా పడవు. కావున వానిని కుంచెతో కల్పింపవలెను. ఎఱ్ఱకోటుపై ముదురు గోధుమరంగు నీటిని పాఱించినచో అది మడతలలో నిలిచి నీడయగును. ఆరిన పిమ్మట భుజముల మీదను, మోచేతుల మీదను కొంచెము నారింజ కలిపిన ఎఱుపును తాకించినచో అది వెలుగగును. తెలుపు కలిపినచో కోటు గులాబివన్నెకు తిరుగును. ఇది క్రొత్తవారు గుర్తుంచుకొనవలసిన సంగతి. సిపాయిల ముఖములకన్నిటికి ఒకే గోధుమరంగు పూయుట సోమరితనము. మన తరగతిలోనే ఎన్ని చాయల ముఖము లున్నవో చూచినచో, ఒక పటాలములో ఎన్ని యుండునో తెలియును. చివర వార్నీషు పూసి, పాదముల క్రింది బిళ్లపై ఇసుక అంటించి, ఆ పొలపు మట్టి రంగు వేయవలెను. పాత సీసపు బొమ్మలను ముట్టినవారు చేతులు కడుగుకొనక భోజనము చేయరాదు. కుంచె కొనను పెదవులతో మొనదేర్చు అలవాటును ఎవ్వరును చేసికొనరాదు.

ఆటలో ఇరుపక్షములును వంతులవారీగా కదలుదురు. కాల్బలము ఇన్ని యంగుళములు, గుఱ్ఱపుదళము ఇన్ని యని నియమ ముండును. కాల్పుల ఫలితమును, భయపడిన దళము నిలుచునో పాఱునో యను విషయమును పాచికలు తేల్చును. ఎంతటి సేనానియు తన తంత్రమును నిర్ణయించుకొనగలడు గాని అదృష్టమును శాసింపలేడను నీతి ఇందున్నది. చందుర్తి యాటలో ఒక చిక్కు గలదు: కథ యందఱకు తెలియును గదా, ఫ్రెంచి పక్షమువాడు మరల మోసపోవునా? దీనికి ప్రష్యావారి పాత యుపాయమే మేలు. మధ్యవర్తి ఆంగ్లేయ పక్షపు దళములకు బొమ్మలకు మాఱుగా ఎఱ్ఱని అట్టముక్కలను పెట్టి, ఏ ముక్క యెవరిదో తన చీటిలో వ్రాసికొనును. స్థానములను ఆంగ్లేయ పక్షమువాడు రహస్యముగా మార్చుకొనవచ్చును. ఫ్రెంచి దళము 10 అంగుళముల దూరమునకు చేరిన తరువాతనే ముక్కను తీసి బొమ్మలను నిలుపుదురు. తెలియనితనములో నిర్ణయము చేయుట యెంత కష్టమో ఆటగానికి అప్పుడు అనుభవమునకు వచ్చును.

ఇన్ని చెప్పిన పిదప తల్లిదండ్రు లడుగదగిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. ప్రాణములు తీయు యుద్ధమును ఆటగా చేయుట పిల్లల మనస్సులను కఠినపఱుపదా? ఈ శంక నిరాధారము కాదు. అంకెలను మాత్రమే చూచి, బొమ్మలను బల్లనుండి తీసి పెట్టెలో పడవేయువానికి అట్టి హాని కలుగవచ్చును. కాని వెల్సు తన పుస్తకమును ముగించుచు, ఈ చిన్న యుద్ధ మాడిన వానికి పెద్దయుద్ధ మెంత తెలివిమాలిన పనియో తెలిసివచ్చునని బోధించెను. ఆ పుస్తకము వెలువడిన మఱుచటి సంవత్సరముననే, 1914లో, ఐరోపాయందు మహాయుద్ధము చెలరేగెను. ఫెదర్‌స్టోను రెండవ ప్రపంచయుద్ధమున టాంకుదళములో పనిచేసిన సైనికుడు. యుద్ధ మెట్టిదో ఎఱుగనివాడు కాడు.

మా యభిప్రాయమున, హానికిని మేలునకును నడుమ నున్నది ఆ రంగుల కుంచెయే. ఒక సిపాయి బొమ్మకు గంటసేపు ముఖము దిద్దినవాడు, ఆ బొమ్మ పడిపోయినప్పుడు ఇరువదిమంది మనుష్యుల మాటను తలంపక మానడు. చందుర్తిలో సేనానుల పేర్లు గ్రంథముల కెక్కినవి. ఎఱ్ఱకోటు తొడిగి ఎండలో నిలిచి, ఇతరుల కొఱకు ఉద్దేశింపబడిన తాకిడిని తమపై కాచుకొన్న సిపాయిల పేర్లు మనము చదువు చరిత్రలలో కానరావు. ఆ కోటు వారికి జీతముతో వచ్చినది. ఆ కోటే వారికి గుఱియయ్యెను. రెండు విదేశపు కంపెనీలు ఈ నేల కొఱకు పెనగులాడగా, ఇరుప్రక్కలను ముందు నిలిచినవారిలో అధికసంఖ్యాకులు ఈ దేశపువారే. బల్లమీద లెక్క పెట్టిచూచినను ఈ సత్యము కంటికి కట్టును: 450 బొమ్మలలో 400 సిపాయిలవే.

ఈ పనికి పూనుకొన దలచువారు వందలకొలది బొమ్మలను ఒక్కమాఱు కొనరాదు. పది సిపాయి బొమ్మలతో ప్రారంభించి, వానిని శ్రద్ధతో ముగించిన పిమ్మటనే తరువాతి పదింటికి పోవలెను. కొనలేనివారు మట్టితోనో అట్టతోనో చేసికొన్నను దోషము లేదు; కొలతయు రంగును సరిగా నుండిన చాలును. తెలియని రంగును ఊహించి పూయుటకంటె, తెలిసినవఱకు పూసి, మిగిలిన దానికొఱకు గ్రంథాలయమునకు పోవుట మంచిది. వీలైనచో ఒక సెలవుదినమున చందుర్తికి పోయి, పైరు యెదిగిన చేని గట్టున నిలిచి, ఆవలివైపు నడచు మనుష్యులలో ఎవరెవరిని పోల్చుకొనగలరో విద్యార్థులు స్వయముగా పరీక్షించుకొందురు గాక.